ఖాళీ గది చప్పుడు

ఆ ఇంట్లో అన్నిటికంటే చిన్న గది అది. ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసుకునే కొట్టు. అక్క దాన్ని ఖాళీ చేయించి, గోడల నిండా పాత బొంతలు మేకులతో కొట్టించి, తలుపు అంచులకు రబ్బరు పట్టీ వేయించింది. కిటికీ లేదు. తలుపు మూస్తే బయట పిడుగు పడ్డా లోపలికి గుసగుసలాగే వచ్చేది. లోపలంతా దూది వాసన, దాని అడుగున లవంగం వాసన. గొంతు ఎండిపోకుండా అక్క చదివేటప్పుడు బుగ్గన ఒక లవంగం పెట్టుకునేది.

చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి, రికార్డు చేసి భాగాలుగా పంపడం పదిహేడేళ్లుగా ఆ అక్కచెల్లెళ్ల పని. చదివేది అక్క. కంప్యూటరు ముందు కూర్చునేది చెల్లెలు. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా ఆ ఇంట్లో ఆమె చిన్నియే.

"ఈ సాఫ్ట్‌వేర్ ఒకసారి కొంటే జన్మంతా మనదేనటే చిన్నీ" అంది అక్క, కొన్న రోజున.

జన్మ సంగతి అలా ఉంచి, నాలుగేళ్లు తిరక్కుండానే కంపెనీవాడు మాట మార్చాడు. కొత్త వెర్షన్‌కి కట్టమన్నాడు. తర్వాత ఏటేటా కట్టమన్నాడు. కట్టాక చూస్తే, రికార్డింగులో అనవసరమైన చప్పుళ్లు కడిగే మీట కాస్తా మాయమైంది. అది పై తరగతి వాళ్లకేనట. రోజూ తెర మీద అదే నీలం చీటీ, అప్‌గ్రేడ్ చేయండి అని. చిన్ని రోజూ "తర్వాత" అని నొక్కేది.

"పాపం, ఇన్నిసార్లు వస్తున్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్లన్నా ఇవ్వవే" అని నవ్వేది అక్క.

ఏడు నెలల కింద ఒక సాయంత్రం, ఓడ ప్రయాణం నవలలో ఇక మూడు పేజీలే మిగిలాయి. నీలం చీటీ వచ్చింది. విసుగులో చిన్ని పక్కనున్న "సరే" నొక్కేసింది. తెర నల్లబడి, మధ్యలో ఒక చక్రం తిరగడం మొదలైంది. ఎంతకీ ఆగలేదు.

"మూడు పేజీలే కదే. కాసేపు చూద్దాం, చదివేస్తాను."

"రేపు చదువుదువులే అక్కా. రేపటికి నోరేమన్నా పడిపోతుందా?"

ఆ మాట అన్నది తనే. కళ్లజోడు, పొయ్యి మీద పాలు, పక్కింటావిడ పేరు, అన్నీ మరిచిపోతోంది గానీ ఆ మాట మాత్రం మరుపు రావడం లేదు. తెల్లవారేసరికి అక్కకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. నాలుగో రోజున మనిషే లేకుండా పోయింది.

కంప్యూటరు మాత్రం నిక్షేపంగా లేచింది. లోపల పుస్తకాలన్నీ ఉన్నాయి. తెరవబోతే, ఇవి పాత వెర్షన్‌వి, డబ్బు కట్టి తెరుచుకోండి అంది. పంపిన ప్రతులు వినేవాళ్ల దగ్గరున్నాయి. ఇంట్లో ఒక్కటీ ఉంచుకోలేదు. మనిషే ఎదురుగా తిరుగుతుంటే గొంతు దాచుకోవడమెందుకని.

ఆ సాయంత్రం అక్క నోరు ఆపినవాడికి పైసా కట్టనని చిన్ని భీష్మించుకు కూర్చుంది. ఏడు నెలలు కూర్చుంది. ఒకరోజు పొద్దున్న దుప్పటి మడతపెడుతూ, అక్క "చిన్నీ" అని పిలిచే పిలుపు గుర్తు తెచ్చుకోబోయింది. మాట గుర్తొచ్చింది. గొంతు రాలేదు. మధ్యాహ్నం దాకా అలా దుప్పటి పట్టుకునే కూర్చుంది. ఆ వారమే, వాళ్ల పుస్తకాలు వినే ఒక ముసలావిడ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఆ ఓడ ఒడ్డుకు చేరిందా లేదా? అది తెలియకుండా పోతానేమోనని నా బెంగ."

చిన్ని కట్టేసింది. పై తరగతికే కట్టింది.

"కట్టావా? ఇక వాడి పిల్లల పెళ్లిళ్లు కూడా మన చేతుల మీదుగానే చేయిస్తాడు" అన్నాడు బావ. ఆయనకు పదేళ్లుగా వినబడదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకుంటాడు, తను మాత్రం ఊరంతా వినేలా మాట్లాడతాడు. భార్య చదువుతుంటే స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాడు. అదే ఆయన వినడం.

ఆ మధ్యాహ్నం వాన. రేకుల మీద, తూముల్లో, బకెట్లలో... ఇల్లంతా వాన మోతే. చిన్ని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మోత సన్నబడింది.

పుస్తకం తెరుచుకుంది. మొదటి పేజీ మోగించింది.

అక్క!

కాస్త బొంగురు, వాక్యం చివర చిన్న ఊపు, పేరా మారేటప్పుడు లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మారిన టిక్కుమనే చప్పుడు. చిన్ని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇలాంటి గొంతును ఎలా మరిచిపోయాను?

ఆ మూడు పేజీలూ తనే చదివి పూర్తి చేయాలి. అక్క తనకోసం రాసిపెట్టిన కాగితం బల్ల మీదే అంటించి ఉంది.

ఒకటి, తలుపు. రెండు, ఫ్యాను. మూడు, అర నిమిషం ఖాళీ గది. నాలుగు, ఖాళీని విన్నాకే కడుగు.

నాలుగో దాని కింద రెండు గీతలు.

ముందు ఎవరూ ఊపిరి కూడా తీయకుండా ఉత్త గదిని అర నిమిషం రికార్డు చేయాలి. అందులో ఏ చప్పుడుంటే ఆ చప్పుడును యంత్రం గుర్తుపట్టి, పుస్తకమంతటా వెతికి తీసేస్తుంది. చిన్ని ఫ్యాను ఆపింది. మీట నొక్కి ఊపిరి బిగబట్టింది. రికార్డవుతోందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. లవంగం వాసన ఘాటుగా కొట్టింది. బొంతల్లోంచేలే, అనుకుంది.

అర నిమిషం అయింది. మూడు పేజీలూ చదివింది. ఓడ ఒడ్డుకు చేరింది. ఆ సంతోషంలో కడిగే మీట నొక్కింది.

శుభ్రం చేయడం పూర్తయింది. తీసేసిన చప్పుళ్లు: ఒకటి.

మొదటి పేజీ మళ్లీ మోగించింది. అక్క గొంతు లేదు.

రెండో పేజీ... లేదు. కాగితం తిప్పిన చప్పుడుంది. లవంగం టిక్కుంది. మధ్యలో మనిషి లేదు. తెర మీద గొంతు గీత చదునుగా, నూలుపోగులా సాగిపోతోంది.

అప్పుడు చూసింది కాగితం వైపు. నాలుగు.

ఖాళీ గది అర నిమిషాన్ని మోగించింది. మొదట గది హోరు. తర్వాత, చెవి దగ్గరే, మెల్లగా...

"చిన్నీ... ఊపిరి వదిలేయవే... మూడు పేజీలే కదా... నేను చదివేస్తాలే..."

మళ్లీ నొక్కింది. హోరు. మళ్లీ నొక్కింది. ఉత్త హోరు.

వెనక్కి తీసుకొచ్చే మీట కోసం వెతికింది. నీలం చీటీ వచ్చింది. ఆ సదుపాయం ఇంకా పై తరగతి వాళ్లకేనట. మళ్లీ కట్టింది. కడగకముందు ప్రతి తెరుచుకుంది. అందులోనూ నూలుపోగే.

ఫోన్ మోగింది. ఆ ముసలావిడ.

"అమ్మాయ్, మీ అక్క చదివిన పాత పుస్తకం పెట్టుకుని వింటున్నాను. మాట మధ్యలో ఆగిపోయింది. ఇంకోటి పెట్టాను, అదీ అంతే. నా చెవులు కూడా పోయాయా తల్లీ?"

చిన్ని ఫోన్ పెట్టేసింది. అక్క పిలుపును గుర్తు తెచ్చుకోబోయింది. ఇందాక విన్నదే. లవంగం గుర్తుంది. ఊపు గుర్తుంది. గొంతు ఉండాల్సిన చోట...

తలుపు తెరుచుకుంది. హాల్లోంచి వెలుతురు, వాన మోత ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. బావ గుమ్మంలో నిలబడి ఆమె మొహం చూశాడు. పాత అలవాటుగా వచ్చి, మూగబోయిన స్పీకరు మీద అరచెయ్యి పెట్టాడు.

కళ్లు నీళ్లతో నిండాయి. నవ్వాడు.

"చదువుతోందిగా!"

చిన్ని తన చెయ్యి కూడా పెట్టింది. చల్లటి చెక్క. అంతే.

"ఎక్కడ బావా? నాకేం తెలియడం లేదు. ఏం చదువుతోంది?"

ఆయన ఆమె పెదవుల వైపు చూసి, వేలు అడ్డంగా ఊపి, కళ్లు మూసుకున్నాడు. నవ్వు మెల్లగా తగ్గింది. మొదటిసారి ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఆపేసింది... కదలడం లేదు. ఊపిరి బిగబట్టినట్టుంది చిన్నీ. మీరు మొదట్లో ఖాళీ గదిని తీసేవాళ్లు చూడు... అలాగ."

చిన్నికి తెలియకుండానే ఊపిరి బిగుసుకుంది. పదిహేడేళ్ల అలవాటు. మనసులో లెక్కపెట్టింది. పది... ఇరవై... ముప్పై. అర నిమిషం అయింది, ఇక కడగడమే.

ఊపిరి వదిలింది. వదిలిన చప్పుడు వినబడలేదు.

బావ ఏదో అంటున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

ఆయన భుజం మీదుగా హాలు కిటికీ కనిపిస్తోంది. అద్దం మీద వాన ధారలు కట్టి జారుతూనే ఉంది.

రేకుల మీద మోత లేదు.

ఎక్కడో బాగా దగ్గర్లో, టిక్కుమని, లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మారింది.