వెంకటసుబ్రహ్మణ్యం గారి సగం వాక్యం

పెసరట్టు మీద ముందు అల్లం పడాలా, జీలకర్ర పడాలా అన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకున్న కుటుంబమేదీ చరిత్రలో నిలవలేదు. బందరులో చరిత్ర లెక్చరరుగా రిటైరైన వెంకటసుబ్రహ్మణ్యం గారింట ప్రతి ఆదివారం ఉదయం ఆ ప్రశ్న సభకు వచ్చేది. ఈ ఆదివారం ఆయన పెసరట్టే ముట్టుకోలేదు.

"ఏమండీ, చల్లారిపోతోంది," అంది భార్య గాయత్రి.

"దైవాధీనం వాకింగుకి రాలేదు. వాళ్లింటికెళ్తే భాగ్యమ్మ గారు గేటు దగ్గరే 'పడుకున్నారండీ' అనేశారు. లోపల్నుంచి వాడి దగ్గు వినిపిస్తూనే ఉంది!"

దైవాధీనం గారు ఆయన ప్రాణమిత్రుడు. దైవాధీనం, భాగ్యమ్మ దంపతుల కొడుకు శ్యాంబాబు సరిహద్దులో జవాను. ఈ అలకకు మూలం ఒక యుద్ధచిత్రం. అందులో ఒక సైనికుడు బందీకి నీళ్లు తాగిస్తుంటే పత్రికావిలేఖరి ఒకామె ఫోటో తీస్తుంది. పత్రిక నీళ్లగ్లాసును కత్తిరించి, తుపాకీని మాత్రం అచ్చువేస్తుంది. ఆ బొమ్మ పట్టుకుని ఒక మంత్రి ఎన్నికల్లో గెలుస్తాడు. దర్శకుడి గురి మంత్రి మీదనని వెంకటసుబ్రహ్మణ్యం గారు, కాదు పత్రిక మీదనని కూతురు శ్రావ్య, హాలు నుంచి ఇంటిదాకా ఆటోలో కురుక్షేత్రం సాగించారు. శ్రావ్య ఒక వెబ్ పత్రికలో సమీక్షకురాలు. "సైనికుడి త్యాగం నిజం, దాన్ని చూపించి ఓట్లడగడం నాటకం" అన్న తండ్రి మాటను సమీక్షలో ఉదహరించింది. అది శీర్షికకెక్కేసరికి ఇలా తేలింది: "సైనికుడి త్యాగం నాటకం: బందరు అధ్యాపకుడు."

"శీర్షిక పెట్టింది ఎడిటర్ గారు నాన్నా, నేను కాదు," అంది శ్రావ్య.

"సినిమాలో ఆ విలేఖరీ అదే అంది. ఇంటర్వెల్లో ఆవిణ్ణి నువ్వేమన్నావు?"

శ్రావ్య తలవంచుకుంది. "చేతులు కడుక్కుంటోందన్నాను."

"దర్శకుడి గురి పత్రిక మీదే, అమ్మాయ్. నువ్వే గెలిచావు."

"ఇలాంటి గెలుపు నాకొద్దు నాన్నా!" కళ్లు తుడుచుకుని ఫోనందుకుంది. "సార్, పూర్తి వాక్యం పైన, క్షమాపణ కింద, రెంటికీ నా పేరు. కుదరదంటే నా రాజీనామా తీసుకోండి."

"ఉద్యోగం పోతుందేమోనే!" అంది గాయత్రి.

"పోనీ అమ్మా."

అవతల ఎడిటరు సుదీర్ఘంగా నిట్టూర్చి లొంగిపోయాడు. కాసేపటికి సవరణ వెలువడింది. వెంకటసుబ్రహ్మణ్యం గారు ఇస్త్రీ పంచె కట్టి, కూతుర్ని వెంటబెట్టుకుని, ఫోనును రాజశాసనంలా రెండు చేతులా పట్టుకుని మిత్రుడి గడప తొక్కారు.

దైవాధీనం గారు ఆసాంతం చదివి కళ్లజోడు తీశారు. "ముందే చెప్పొచ్చు కదరా!"

"నువ్వు పడుకున్నావు కదరా!"

ఇద్దరూ నవ్వబోయి, నవ్వలేక, ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు. భాగ్యమ్మ గారు శ్రావ్య తల నిమిరి, "చర్చికి వేళవుతోంది, ఇక కౌగిలింతలు చాలించండి," అని వెనక్కి తిరిగి కొంగుతో కళ్లొత్తుకున్నారు. సత్యం జయించింది, పత్రికారంగం పునీతమైంది, బందరు తలెత్తుకుంది.

అప్పటికి ఆ సవరణ కింద ఒకే ఒక్క వ్యాఖ్య వచ్చింది: "సినిమా బందర్లో ఏ హాల్లో అండీ?"

ఆ సినిమాను శుక్రవారమే ఎత్తేశారు.