స్టేజి కింద గొంతు

ఆ నాటకశాలలో స్టేజి కింద గొయ్యి మంచిది కాదని అందరూ అనేవారు. వెనకటికి అందులో కూర్చుని నటులకు మాటలు అందించే పెద్దాయన ఒకరుండేవారట. పోయాక కూడా ఆ పని మానలేదట. ఎవరైనా మాట మరిచిపోయి నీళ్లు నములుతుంటే కింద నుంచి గుసగుసగా అందేదట... కాకపోతే వేరే నాటకంలోది. యుద్ధానికి బయల్దేరుతున్న రాజు నిండు సభలో, "పాలవాడింకా రాలేదేమే" అనేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

చీకటి పడ్డాక అందులోకి ఎవరూ దిగరు.

పుల్ల దిగాల్సి వచ్చింది.

పుల్ల అంటే లిఫ్టు మెకానిక్కు. మనిషి బక్కపలచన, అందుకే ఆ పేరు. స్టేజి మధ్య పలకను పైకీ కిందికీ కదిపే హైడ్రాలిక్ లిఫ్టు నూనె కారుతోంది. పైకి లేపిన పలక నిలవకుండా మెల్లిగా కుంగిపోతోంది. పొద్దున్నే నాటకం వేసే పిల్లలు దాని మీద ఎక్కాలి.

"మధ్యాహ్నం ఇంకో కంపెనీ అతన్ని పిలిచాం," అంది మేనేజరమ్మ గొంతు తగ్గించి. "దిగాడు. పైకి రావడం... ఎవరూ చూడలేదు."

చెప్పాపెట్టకుండా వెళ్లిపోయుంటాడని పుల్ల ఆమెకు ధైర్యం చెప్పాడు. అందులో కాస్త తనకూ మిగిలితే బాగుండుననుకున్నాడు.

పంపు ఆపించాడు. పలక కింద ఇనుప దిమ్మెలు పెట్టాడు. గొట్టంలో ఒత్తిడి వదిలేశాడు. ఆమెను పైన స్విచ్చు దగ్గర ఉండమని, వెల్లకిలా పడుకుని భుజాల మీద పాకుతూ లోపలికి దూరాడు. ముక్కుకూ పలకకూ మధ్య అరచేయి పట్టేంత సందు. పక్కకు తిరగడానికి లేదు. పారిపోవాలన్నా మళ్లీ ఇలాగే పాకాలి — ఆ సంగతి లోపలికి వెళ్లాకే తట్టింది.

గొట్టం సిలిండరును కలిసే చోట ఒక నట్టు. దాని అంచున నూనె బొట్టు, రాలితే నేరుగా కంట్లోనే.

పానా వేసి, మోచేయి ఆడినంత మేరకు బిగించాడు. కన్ను తుడుచుకున్నాడు. మళ్లీ పానా వేశాడు...

నట్టు వదులుగా ఉంది.

పొరపాటున అటు తిప్పానేమో అనుకుని మళ్లీ బిగించాడు. టార్చి నోట కరుచుకుని చూశాడు. సిలిండరు అడ్డంగా ఉంది, అవతలేముందో కనపడదు. కానీ చూస్తుండగానే నట్టు — తనంతట తాను — మెల్లిగా — వెనక్కి తిరిగింది.

టార్చి నోట్లోంచి జారి, దొర్లి, ఆరిపోయింది.

చీకట్లో ఎవరిదో ఊపిరి. తనదేనేమోనని బిగబట్టి చూశాడు... ఆ ఊపిరి ఆగలేదు.

"రింగు మార్చకుండా..." అంది ఒక బొంగురు గొంతు, చెవి పక్కనే, "ఎంత బిగిస్తే ఏం లాభం?"

పుల్లకు పై ప్రాణాలు పైనే పోయాయి. అంత భయంలోనూ కాస్త రోషం వచ్చింది. బతికుండగా ఆ పెద్దాయనకు బల్బు మార్చడం కూడా చేతకాదట. పోయాక ఈ పనెప్పుడు నేర్చుకున్నారు? అయినా మాట సబబుగానే ఉంది. లోపలి రబ్బరు రింగు చిరిగిపోతే నట్టు ఎంత బిగించినా కారక మానదు.

"నా దగ్గర ఆ సైజు లేదు స్వామీ," అన్నాడు ఏడుపు గొంతుతో.

చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి అతని గుండెల మీద వాలింది. చల్లగా, జిగటగా. తడుముకుంటూ అతని అరచేతిని వెతికింది. అందులో ఒక రింగు పెట్టి, వేళ్లు ముడిచి, వెళ్లిపోయింది.

ఇక పని చేయడం తప్ప దారి లేదు. గుడ్డిగానే నట్టు విప్పాడు, పాత రింగు గోటితో లాగాడు, కొత్తది కూర్చాడు, బిగించసాగాడు. "చాలు," అంది గొంతు. ఇంకొక్క పట్టు పడదామనుకున్నాడు.

"చాలన్నానా."

పానా వదిలేశాడు. తడిమితే టార్చి దొరికింది. పంపు వేయమని పైకి కేకేశాడు. పంపు మూలిగింది. నట్టు చుట్టూ పొడిగా ఉంది, ఒక్క బొట్టు లేదు. పంపు ఆపమన్నాడు.

"ఇప్పుడు..." అంది గొంతు, మరీ నీరసంగా, "నా బెల్టు తప్పించు."

దెయ్యానికి బెల్టేమిటి? పుల్ల మెడ సాచి సిలిండరు అవతలికి టార్చి కొట్టాడు. ఒళ్లంతా నల్లటి నూనె. అందులో తెల్లగా రెండు కళ్లు. పొట్ట దగ్గర బెల్టు ఒక కొక్కేనికి తగులుకుని...

"బావా?"

అక్క మొగుడు. ఇంకో కంపెనీలో మెకానిక్కు. పోయిన నెల వాళ్ల వంటింటి కుళాయిని పుల్ల బిగించి బిగించి విరగ్గొడితే ఇల్లంతా చెరువైంది. ఇక వాడితో మాట్లాడనని అక్క మీద ఒట్టేసి మరీ చెప్పాడు బావ. మధ్యాహ్నం నుంచీ ఇక్కడ ఇరుక్కుని, గొంతు పోయేదాకా అరిచాడట. అరిచినప్పుడల్లా పైన పరుగుల చప్పుడే వినిపించిందట. చివరికి మనిషి వచ్చాడని సంబరపడితే, వచ్చినవాడు పుల్ల. ఒట్టు గుర్తొచ్చి నోరు కుట్టేసుకున్నాడు. కానీ ఆ నట్టు పడే బాధ చూడలేక, పుల్ల బిగించిందల్లా అవతలి నుంచి వెనక్కి తిప్పాడు, చివరికి నోరూ తెరిచాడు.

పుల్ల బెల్టు తప్పించాడు. మాట్లాడేశావు కదా బావా, మరి మా అక్క సంగతేమిటని నెమ్మదిగా అడిగాడు.

బావ ముఖం అటు తిప్పుకున్నాడు.

"నేనెక్కడ మాట్లాడాను? మాట్లాడింది దెయ్యం. ఇంటికెళ్లి మీ అక్కకు అలాగే చెప్పు."