గ్యాంగ్‌మన్ తోమాసు మోకాలు

ఆ శుక్రవారం మంచిర్యాల అంగడిలో ఉన్నట్టుండి వాన అందుకుంది. జనం టార్పాలిన్ల కిందికి పరుగెత్తారు. సంచి నెత్తిన పెట్టుకుని పరుగెడుతున్న ఆనందమ్మ, ముందు పోతున్న మనిషి నడక చూసి టక్కున ఆగిపోయింది.

"తోమాసూ!"

అతను తిరిగి చూసి నవ్వాడు. "సిస్టర్, మీరా? తడుస్తున్నరు, ఇటు రాండ్రి."

"నా సంగతి తర్వాత. ఎడమ కాలు ఎందుకు ఈడుస్తున్నవ్?"

"ఈడ్చుడేంది? మంచిగనే ఉరుకుతున్న గద!"

"జర ఆ చెప్పు ఇప్పు."

ఉల్లిగడ్డలమ్మే గంగుబాయి బెదిరిపోయింది. "ఏమైంది బిడ్డా? చెప్పుతోటి కొడ్తవా ఏంది?"

ఆమె టార్పాలిన్ కిందికి వచ్చి తోమాసు సిగ్గుపడుతూనే విప్పాడు. ఆనందమ్మ చెప్పు తిరగేసి చూపించింది. మడమ దగ్గర ఒక పక్కనే సగానికి అరిగిపోయి ఉంది.

"చూసినవా? బరువంతా ఒక్క దిక్కే పడుతున్నది. నెలకోసారి రమ్మంటే రెండు నెలల సంది పత్తా లేవు."

"నడిచే మనిషికి దవాఖాన ఎందుకు సిస్టర్?" అంటూ అతను చెప్పు లాక్కుని వానలోకే వెళ్ళిపోయాడు.

ఆనందమ్మ మద్రాసులో రెండేళ్ళు చదువుకుని వచ్చి, మిషన్ దవాఖానలో కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయినవాళ్ళ చేత కసరత్తులు చేయిస్తుంది. తోమాసు రైల్వేలో గ్యాంగ్‌మన్. రోజూ పట్టాల వెంబడి మైళ్ళకొద్దీ నడవాలి. పోయిన ఎండాకాలం సైకిలుతో సహా మురుగు మోరీలో పడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. ప్లాస్టర్ తీశాక కట్టెలా బిగిసిన ఆ కాలిని వంచడానికి ఇద్దరూ మూడు నెలలు తిప్పలు పడ్డారు. అతను రావడం మానేశాక ఆమె రోజూ తలుపు వైపు చూసేది. మోకాలి గురించిన దిగులే అని తనకు తాను చెప్పుకునేది.

నాలుగు రోజులకు తోమాసు తనే వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

"వచ్చే నెల రైల్వే డాక్టర్ పరీక్ష ఉన్నది సిస్టర్. ఆయన ముందట గొంతుక్కూసోని లేవాలె. ఇంట్ల కూసోబోతే సగంలనే ఆగిన. గిట్లనే ఉంటె గ్యాంగ్‌ల నుంచి తీసేస్తరు."

ఆమె కొలబద్ద పెట్టి చూసి, పాత కొలతల కాగితం తీసి పోల్చింది. "అప్పటికంటె వంగుడు మస్తు తగ్గింది. నొప్పి లేకుంటనే బిగుసుకుంటది, నీకు తెల్వది. గందుకే నెలనెలా చూపించుకొమ్మన్న. ఎందుకు రాలే?"

"అవ్వ వద్దన్నది. లక్సెట్టిపేట సంబంధమొకటి వచ్చింది. దవాఖానకు తిరిగితె కొడుకు కుంటోడనుకుంటరని ఆమె భయం."

కొలబద్ద మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. "కుదిరిందా?"

"లే. నేనే వద్దన్న."

"ఎందుకు?"

"పరీక్షైనంక చెప్త."

మర్నాటి నుంచి రోజూ డ్యూటీకి ముందే వచ్చి చెమటలు కక్కుతూ కాలు వంచేవాడు. ఆనందమ్మ ఒక్క రోజూ జాలి పడలేదు.

వారం తిరక్కుండానే అతని తల్లి రిబ్కమ్మ కోపంగా వచ్చింది. "నడిచే పోరణ్ణి మళ్ళ కుంటోణ్ణి చేస్తున్నవా?" అంటూ బల్ల మీద కూలబడింది. తీరా లేవబోతే లేవలేక గోడ పట్టుకుంది.

"అవ్వా, గిట్ల ఎన్నాళ్ళ సంది?" అంటూ ఆనందమ్మ నేల మీద కూర్చుని ఆమె మోకాళ్ళు మెల్లగా పట్టి చూసింది. "రెండేండ్లాయె బిడ్డా. ముసలితనమనుకున్న," అంది రిబ్కమ్మ, గొంతు తగ్గించి. ఆ మర్నాటి నుంచి తల్లీకొడుకులు కలిసే వచ్చారు.

పరీక్ష రోజు సాయంత్రం ఆనందమ్మ అందరి కసరత్తులూ ముగించింది. రిబ్కమ్మ ఒక్కతే మూలన బల్ల మీద కాళ్ళు చాపి ఎత్తుతోంది. తోమాసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమన్నరు?" అంది ఆనందమ్మ.

అతను అక్కడే గొంతుక్కూర్చుని లేచాడు. మళ్ళీ కూర్చుని లేచాడు. "పాసైన!"

ఆమె కళ్ళు తడిసిపోయాయి. దాచుకోవడానికి కాగితాలు సర్దింది. "మంచిది. అయినా వచ్చే నెల రావాలె."

"వస్త. కాని ఇగ సిస్టరని పిలువ."

"మరేమంటవు?"

"ఆనందా అంట. ఆ సంబంధం ఎందుకు వద్దన్ననో ఇంక తెల్వదా? నిన్ను చేసుకుందామనే."

ఆనందమ్మ తలెత్తలేదు. "అవ్వ ఒప్పుకోవాలె గద," అంది, వినీ వినపడకుండా.

"అవ్వకు మోకాళ్ళే నొస్తయి, చెవులు మంచిగనే ఉన్నయి," అంది రిబ్కమ్మ మూల నుంచి. "ఆదివారం మీ బాపు ఇంట్ల ఉంటడా బిడ్డా?"

తోమాసు ఆనందమ్మ వైపే చూశాడు.

"చర్చి నుంచి వచ్చినంక ఉంటడు," అంది ఆనందమ్మ.