బీరువాలో తోలు

అరబ్బు దేశంలో ఖురియాత్ అనే ఊరి సముద్రపు ఒడ్డు చివర బోర్లాపడిన పాత పడవ ఒకటి ఉంది. పొద్దుగుంకాక దాని పక్కన ఎవరూ వల ఆరేయరు. అక్కడ దొరికిన వస్తువు ఇంటికి తెచ్చుకుంటే, దాని తాలూకు వాళ్లు వెతుక్కుంటూ వస్తారని చెప్పుకుంటారు.

ఇది మా ఊరి మల్లీశ్వరి చెప్పింది, పిల్లలూ. అక్కడ ఒక ఇంట్లో ఆరేళ్లు పనిచేసి వచ్చింది. అబద్ధాలు అల్లే తీరిక లేని మనిషి.

పడవ సంగతి ఆ ఇంటి డ్రైవరు దస్తగిర్ ముందే చెప్పాడట. "మల్లక్కా, ఆడ ఏం దొరికినా ఎత్తుకోవాకు."

ఆమె ఎత్తుకోలేదు. ఆ ఇంటి పాప, ఎనిమిదేళ్ల అస్రా ఎత్తుకొచ్చింది. బూడిదరంగు తోలు... నున్నగా, మెత్తగా, చేపల వాసనతో. మల్లీశ్వరికి ఒక అలవాటు— ఇంట్లోకి తడిది ఏదొచ్చినా సబ్బు పెట్టి ఉతికి ఆరేస్తుంది. దీన్నీ ఉతికింది. "ఇస్త్రీ చెయ్యలేదు సార్, అదొక్కటే నయం" అంది నాతో. ఆరాక అది అట్టలా బిగుసుకుంది. ఖరీదైన తోలులా ఉందని మేడమ్ దాన్ని హాల్లో బీరువాలో పెట్టి తాళం వేసింది.

మల్లీశ్వరి పాస్‌పోర్టు కూడా ఆ బీరువాలోనే ఉంది. వచ్చిన రోజు నుంచీ అక్కడే. రెండేళ్లుగా ఊరికి పోతానని అడుగుతూనే ఉంది. వచ్చే నెల చూద్దాం అంటూనే ఉన్నారు.

ఆ రాత్రి వంటింటి తలుపు బయట... టప్... టప్...

కొళాయేమో అని లేచింది. కొళాయి కట్టేసే ఉంది. తలుపు తీస్తే— ఒక పిల్ల. అస్రా అంత ఉంటుంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. పెదాలు మాత్రం ఎండి పగిలున్నాయి. వేళ్ల మధ్య బాతు కాలికి ఉన్నట్టు పలచటి చర్మం.

"నా తోలు ఇయ్యి" అంది మెల్లగా. "తెల్లారేలోగా నీళ్లలోకి పోకుంటే ఎండిపోతా."

ఏ భాషలో అందో తెలీదట. తనకు మాత్రం రాయచోటి మాటలాగే వినిపించిందట.

మల్లీశ్వరి అరవలేదు. నేల మళ్లీ తుడవాలి కదా అనుకుంది. వెళ్లి అస్రాని లేపింది. అస్రా వాళ్లమ్మ దిండు కిందనుంచి తాళంచెవి తెచ్చింది. బీరువా తీస్తే తోలు మీదే పాస్‌పోర్టు ఉంది. దాన్ని పక్కకు జరిపి తోలొక్కటే తీసుకుంది మల్లీశ్వరి. రెండోది తీస్తే దొంగ అంటారని భయం.

తోలు ఆ పిల్లకు పట్టలేదు. సబ్బు పెడితే ఉప్పంతా పోతుంది కదా మరి. మల్లీశ్వరి బకెట్లో నీళ్లు పట్టి, నాలుగు గుప్పిళ్లు కల్లుప్పు వేసి నానబెట్టింది. ముగ్గురూ బకెట్ చుట్టూ కూచున్నారు. ఇంకెప్పుడూ ఎత్తుకురానని అస్రా ఆ పిల్లకు చేతిలో చెయ్యేసి చెప్పింది.

నాలుగింటికి తోలు మెత్తబడింది. పిల్ల దాన్ని భుజాల మీద వేసుకుని, గడప దాటబోతూ ఆగింది.

"నీ తోలు యాడుంది?"

మల్లీశ్వరి తడుముకోలేదట. "బీరువాలో ఉంది. ఇస్తార్లే."

పిల్ల బీరువా వైపు ఒకసారి చూసి... వెళ్లిపోయింది. బీరువాకు తాళం పడింది, తాళంచెవి దిండు కిందికి చేరింది.

తెల్లారాక బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోతే— తీగ మీద పాస్‌పోర్టు. రెండు క్లిప్పులు పెట్టి ఉంది. దాన్నుంచి నీళ్లు కారుతున్నాయి. బీరువా తాళం వేసినట్టే ఉంది. మేడమ్ ఆ తీగ వంక చూసి, బీరువా తెరిచి తోలు లేదని చూసి, ఆ రోజే టికెట్ కొనిచ్చింది.

ఇదంతా విని నేను నవ్వాను. మల్లీశ్వరి నవ్వలేదు. పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. అంచుల్లో ఉప్పు పేరుకుంది. ముద్రలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

చివరి పేజీలో ఇంకొకటుంది— చిన్న చేతి ముద్ర. వేళ్ల మధ్య చర్మంతో సహా.

ఆమె వచ్చి ఏడాదయింది. అది ఇంకా తడిగానే ఉంది.