ఆపరేషన్ ఉప్పుజొన్న

రియాద్‌లో, మలాజ్ ప్రాంతంలోని ఒక మామూలు హోటల్ గదిలో డాక్టర్ ఇద్రీస్ తన కాఫీ సగమే తాగాడు. మిగతా సగం కప్పులో ఉండగానే కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయాడు.

గుండెపోటు అని రాశారు. ఆ రాతను నమ్మని మనిషి ఒకామె అక్కడికి రెండు సందుల అవతల కార్గో ఆఫీసు నడుపుతోంది. పేరు ఉమాదేవి.

మర్నాడు ఆ ఆఫీసులోకి మాసిన కవరాల్ వేసుకున్న ఒకతను వచ్చాడు.

"జగిత్యాలకు డబ్బా పంపాలె. లోపట అద్దం సామాను ఉన్నది."

"అద్దానికి మేం గ్యారంటీ ఇవ్వం," అంది ఆమె తలెత్తకుండానే.

"పగిలినా మంచిదే. ఊరి పేరు సక్కగ రాయండ్రి."

ఉమాదేవి లేచి షట్టర్ సగానికి దించింది. "కూర్చో దామోదర్."

ఏజెంట్ దామోదర్ అట్టపెట్టెల మధ్య కూర్చున్నాడు. యాస, వంగిన భుజాలు రెండూ ఒక్క క్షణంలో మాయమయ్యాయి.

"ఇల్వారా పేరు విన్నావా?"

"హిందూ మహాసముద్రంలో ఒక చుక్క మేడమ్. మ్యాప్‌లో దేశం కంటే దాని పేరే పెద్దగా కనిపిస్తుంది."

"ఆ చుక్క ఏం చేసిందో విను. అక్కడి సైంటిస్టులందరినీ ఎక్కిస్తే ఒక్క బస్సు నిండుతుంది. పెద్ద లాబ్‌లు కట్టే స్తోమత లేదు. అందుకని ఒకే ఒక్క రీసెర్చ్ కౌన్సిల్ పెట్టుకున్నారు. ఎగుమతయ్యే చేపల మీద చిన్న సుంకం వేశారు. అది ఏ మంత్రి చేతికీ చిక్కకుండా నేరుగా కౌన్సిల్‌కే వెళుతుంది. లాబ్ కావాలంటే మిత్రదేశాల దగ్గర అరువు తెచ్చుకుంటారు. హైదరాబాద్‌లో విత్తనాల బ్యాంకు, ఇక్కడ సౌదీ తీరంలోని జిజాన్‌లో పొలం. స్థలం ఎవరిదైనా మనిషి వాళ్ళ మనిషే, ఫలితమూ వాళ్ళదే."

"ఇప్పుడు ఆ ఫలితం ఏమిటి?"

"జొన్న. సముద్రపు ఉప్పు దిగిన బోరు నీళ్ళతో పండే జొన్న. మూలవిత్తనం మన దగ్గర్నుంచి వెళ్ళింది. మనం ఇందులో దిగింది అందుకే." ఆమె గొంతు తగ్గించింది. "వెస్కార్ అని ఒక విత్తనాల కంపెనీ ఉంది. పైకి కంపెనీ. లోపల గ్రే హెరాన్ అనే విదేశీ ముఠా. కౌన్సిల్‌ను మూసేసి దేశం పరిశోధన మొత్తాన్ని వెస్కార్‌కు లీజుకివ్వాలని ఇల్వారా పార్లమెంట్‌లో బిల్లు పెట్టించారు. వచ్చే వారం ఓటింగ్. అంతకు ముందే వాళ్ళ పార్లమెంటరీ కమిటీ జిజాన్ వచ్చి పొలం చూస్తుంది. పంట నిజమని తేలితే కౌన్సిల్ బతుకుతుంది."

"ఇద్రీస్ పోయాడు. ఆ జొన్న మీద పనిచేసేవాళ్ళలో ఇక మిగిలిందెవరు?"

"డాక్టర్ ఖాలిదా. ఆవిడ ఒక్కతే. చిన్న దేశంతో చిక్కు అదే దామోదర్. ఒక మనిషి పోతే ఒక డిపార్ట్‌మెంట్ మూతపడినట్టు."

"సౌదీ సెక్యూరిటీకి చెప్పారా?"

"చెప్పాం. మనుషుల్ని ఇస్తామన్నారు. కానీ చేయి వెయ్యాలంటే ఆధారం అడుగుతున్నారు." ఆమె ఒక వాచీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నీళ్ళలో ముంచితే చాలు. విషం ఏదున్నా ముల్లు ఎర్రబడుతుంది. లేకపోతే పచ్చ. అక్కడ నువ్వు పంపుల టెక్నీషియన్ భూమేష్‌వి. వెస్కార్ లోపల మన మనిషి ఒకామె ఉంది. వాళ్ళ పార్ట్‌నర్‌షిప్ మేనేజర్. నీకు తెలిసినామే. వర్ష."

దామోదర్ మొహంలో ఏ మార్పూ రాలేదు. కానీ వాచీ పెట్టుకుంటున్న చేయి ఒక్క క్షణం ఆగింది. నిరుడు దమ్మామ్‌లో అతని వెనకాల పడ్డ ఇద్దర్ని తప్పుదారి పట్టించి ప్రాణం కాపాడింది వర్షే. ఆ తర్వాత అతను చాలాసార్లు ఆమె గురించి ఆలోచించాడు. ఆ ఆలోచనలు ఏ రిపోర్టులోనూ లేవు.

* * *

జిజాన్‌లో గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. సముద్రానికి కాస్త ఎడంగా, ఉప్పు పేరుకుని తెల్లబడ్డ నేల మధ్య ఆ జొన్నచేను పచ్చగా నిలబడి ఉంది. కంకులు బరువెక్కి ఒకవైపుకు వంగాయి.

"భూమేషన్నా, గీ నీళ్ళతోని మొఖం కడుక్కోకు. మంట వుడ్తది," అన్నాడు పంప్‌హౌస్ ఆపరేటర్ మొండయ్య. నిర్మల్ వైపు మనిషి. "నాకైతే గడ్డమంత పగుళ్ళువారింది."

దామోదర్ అయినా కడుక్కునేవాడు. ఆ ఎండలో అంతకంటే గతి లేదు. ప్రతిసారీ పెదాల మీద ఉప్పు పేరుకునేది.

డాక్టర్ ఖాలిదా యాభై దాటిన మనిషి. పొద్దున్నే చేలోకి దిగితే ఎండ నడినెత్తికి వచ్చేదాకా బయటికి రాదు. హైదరాబాద్‌లో చదువుకున్న రోజుల్లో నేర్చుకున్న తెలుగు ఇంకా మర్చిపోలేదు. దామోదర్ ఎవరో ఆమెకు తెలుసు.

"ఇద్రీస్, నేను కలిసి రెండుసార్లు ఫెయిల్ అయ్యాం," అంది ఒకరోజు కంకిని అరచేతిలో పట్టుకుని. "మొదటి పంట ఎండిపోయింది. రెండోది గింజ పట్టలేదు. ఎందుకు ఫెయిల్ అయ్యామో దాచకుండా చెప్పాం. మా కౌన్సిల్ మూడోసారి కూడా నిలబడింది. పని మధ్యలో ఉండగా చెయ్యి వదలకూడదనేది అక్కడ చట్టం. వేరే చోట అయితే మమ్మల్ని ఎప్పుడో ఇంటికి పంపేవాళ్ళు."

"భయం వెయ్యడం లేదా డాక్టర్?"

"వేస్తోంది. ఆయన కుర్చీ చూసినప్పుడల్లా వేస్తోంది." ఆమె కంకిని వదిలేసింది. "కానీ కోత దగ్గరికొచ్చింది కదా."

ఆ సాయంత్రం సముద్రం ఒడ్డున ఒక కెఫేలో వర్ష కలిసింది. నల్లటి అబాయా, పెద్ద కళ్ళజోడు, ఖరీదైన ఊద్ అత్తరు. పక్క బల్లల్లో వాళ్ళు తలతిప్పి చూసి, చూడనట్టు నటించారు.

"కమిటీ వచ్చే రోజే చేస్తారు," అంది ఉపోద్ఘాతం లేకుండా. "రెండో నంబర్ ట్యాంకు. కలుపు మందు కలుపుతారు. కమిటీ కళ్ళముందే చేను వాడిపోతుంది."

"ఖచ్చితమా?"

"నా మాట మీద నీకు అనుమానమా?"

"ఇద్రీస్ విషయం నీకు ముందే తెలియలేదా?"

వర్ష టీ కప్పు కింద పెట్టింది. "నేను కూడా సైంటిస్టునే, తెలుసా దామోదర్? హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తుండగా ఫెలోషిప్ ఆపేశారు. ఎవరో పైన మారారట, ప్రయారిటీలు మారాయట. ఎండాకాలంలో ఫ్రీజర్‌కు కరెంటు కట్ చేశారు. నేను పెంచిన కల్చర్లన్నీ ఒక్క వారంలో కుళ్ళిపోయాయి. ఆ వాసన నాకు ఇప్పటికీ వస్తుంది." కళ్ళజోడు సర్దుకుంది. "అప్పుడు నన్ను అడిగినవాడు ఒక్కడూ లేడు. వెస్కార్ అడిగింది."

దామోదర్ బిల్లు కట్టి లేచాడు. ఆమె తన ప్రశ్నకు జవాబు చెప్పలేదన్న సంగతి మాత్రం దారి పొడుగునా ముల్లులా గుచ్చుకుంది.

* * *

కమిటీ వచ్చింది. తెల్లటి వ్యాన్లలోంచి ఇల్వారా ఎంపీలు దిగారు. వాళ్ళతో పాటు నీళ్ళను, మట్టిని పరీక్షించే స్వతంత్ర నిపుణుడు ఒకాయన మీటరు పట్టుకుని వచ్చాడు. వెనకాల సౌదీ అధికారులు, వెస్కార్ తరఫున అతిథిగా వర్ష.

దామోదర్ అప్పటికే రెండో నంబర్ ట్యాంకు మీద ఉన్నాడు. చెవిలోని ఇయర్‌పీస్‌లో ఉమాదేవి గొంతు వినిపించింది. "ఏమైంది?"

"వాచీ పచ్చగానే ఉంది మేడమ్. ట్యాంకు క్లీన్."

"మళ్ళీ చూడు."

మళ్ళీ ముంచాడు. పచ్చ. ఒకటో ట్యాంకు, మూడో ట్యాంకు, మందుల షెడ్ అన్నీ చూశాడు. ఎక్కడా విషం లేదు. చెవిలో అలాంటి ఇయర్‌పీస్‌తోనే ఖాలిదా దూరంగా కమిటీని చేను గట్టు మీదుగా నడిపిస్తోంది. దామోదర్ చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది. పొలానికి వెళ్ళే మెయిన్ లైన్ మీద ఉన్న నల్లా తిప్పి ముఖం మీద నీళ్ళు చల్లుకున్నాడు.

పెదాలు తడుపుకుని ఆగిపోయాడు.

ఇంకో దోసెడు పట్టి నోట్లో పోసుకున్నాడు. ఉప్పు లేదు. తాగే నీళ్ళు!

"మొండయ్యా! ఈ లైన్ల నీళ్ళు ఎక్కడియి?"

"పొద్దుగాల ట్యాంకర్లు వచ్చినయ్ గదన్నా! వెస్కార్ మేడమ్ తోలిచ్చింది. పెద్ద సార్లు వస్తున్నరు, తాగనీకె కావాలె, సంపుల పొయ్యిమన్నరు. ఏమైందే? గట్ల చూస్తున్నవేంది?"

దామోదర్‌కు అర్థమైంది. అందరూ విషం కోసం వెతుకుతున్నారు. వాళ్ళు పంపింది మంచినీళ్ళు. ఆ సంపులోంచి డ్రిప్ లైన్లకు నీళ్ళు మళ్ళించారు. నిపుణుడు చేలో మీటరు పెడతాడు. ఉప్పు లేదని చూపిస్తుంది. ఉప్పునీటి జొన్న అంతా బూటకం, దొంగచాటుగా మంచినీళ్ళు పెట్టి పండించారని అక్కడికక్కడే తేలిపోతుంది. పంట చచ్చిపోతే ఖాలిదా మళ్ళీ వేసుకోగలదు. మోసగత్తె అనిపించుకున్నాక ఆమెకు గానీ, కౌన్సిల్‌కు గానీ విత్తనం ఎవరిస్తారు?

అతను పంప్‌హౌస్ వైపు పరుగెత్తాడు.

లోపల మోటార్ల హోరు. సంపు నుంచి వచ్చే పైపు వాల్వుకు ఇనుప గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. పక్కనే వర్ష నిలబడి ఉంది. చేతిలో సన్నటి ఇంజెక్షన్ పెన్.

"నువ్వు ట్యాంకు మీదే ఉండాల్సింది," అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"ఇద్రీస్ కప్పులో పోసింది ఇదేనా?"

"పోసింది నేను కాదు. ఆయన ఏ గదిలో ఉన్నాడో చెప్పింది మాత్రం నేనే." ఆమె పెన్ మూత తీసింది. "వెళ్ళిపో దామోదర్. ఇంకాస్త ఆగితే అయిపోతుంది. ఇందులో ఇంకెవరూ చచ్చిపోనక్కర్లేదు."

కిటికీలోంచి చేను కనిపిస్తోంది. నిపుణుడు మోకాళ్ళ మీద కూర్చుని మీటరు బయటికి తీస్తున్నాడు.

వాల్వుకు తాళం. తాళం తీసే టైం లేదు. ఆమెతో కలబడే టైం అంతకన్నా లేదు. గోడకు వేలాడుతున్న పెద్ద పైప్ రెంచ్ అందుకుని దామోదర్ ఆమెకు వీపు చూపించాడు.

పైపు జాయింట్‌కు రెంచ్ బిగించి బలమంతా పెట్టి లాగాడు. కదల్లేదు. మెడ వెనకాల ఊద్ వాసన దగ్గరైంది. మళ్ళీ లాగాడు. ఇప్పుడు సూది దిగుతుందనుకున్నాడు. దిగలేదు. మూడోసారి జాయింట్ కీచుమని తిరిగింది. మంచినీళ్ళు గోడెత్తున ఎగజిమ్మి ఇద్దర్నీ తడిపేశాయి. సంపు లైన్లో ఒత్తిడి పడిపోయింది. రెండో చేత్తో బోరు పంపు స్విచ్ నొక్కి, ఉప్పునీటి వాల్వు బార్లా తెరిచాడు.

"డాక్టర్, ఏదో ఒకటి మాట్లాడి ఆయన్ని ఆపండి!" అని కాలర్ మైక్‌లోకి అరిచాడు.

చేలో ఖాలిదా కాలు జారినట్టుగా గట్టు మీద కూలబడింది. అందరూ కంగారుగా ఆమె చుట్టూ మూగారు. నిపుణుడు మీటరు పక్కన పెట్టి ఆమెకు చెయ్యి అందించాడు. ఆమె లేచి, చీర దులుపుకుని, క్షమించమని తీరిగ్గా చెప్పుకుంది. ఆ తర్వాతే ఆయన మీటరును డ్రిప్ మూతి కింద పెట్టాడు.

ముల్లు కాసేపు ఊగిసలాడింది. తర్వాత మెల్లగా, నిబ్బరంగా ఉప్పు వైపుకు ఒరిగింది.

"కరెక్ట్," అన్నాడాయన. "ఈ నీళ్ళలో జొన్న పండకూడదు. కానీ పండింది."

పంప్‌హౌస్‌లో దామోదర్ వెనక్కి తిరిగాడు. వర్ష గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. పెన్ ఆమె ఒళ్ళో ఉంది, వాడనే లేదు.

"ఎందుకు ఆగావు?"

ఆమె తడిసిన కళ్ళజోడు తీసింది. "తెలియదు. అడక్కు."

సౌదీ సెక్యూరిటీ మనుషులు లోపలికి వచ్చారు. వాళ్ళు అడిగిన ఆధారం ఆమె ఒళ్ళోనే దొరికింది. తీసుకువెళుతుంటే వర్ష వెనక్కి తిరగలేదు. దమ్మామ్‌లో తన ప్రాణం కాపాడిన మనిషీ, ఇద్రీస్ గది చెప్పిన మనిషీ ఒక్కరేనన్న సంగతిని ఎలా సమాధానపరచుకోవాలో దామోదర్‌కు అర్థం కాలేదు. రిపోర్టులో ఆమె గురించి ఒక్క వాక్యమే రాశాడు. అది కూడా రెండుసార్లు కొట్టేసి రాశాడు.

* * *

వెస్కార్ బిల్లు స్వల్ప తేడాతో ఓడిపోయింది. కౌన్సిల్ మిగిలింది. గ్రే హెరాన్ మనుషుల్ని కొందర్ని రియాద్‌లో పట్టుకున్నారు, కొందరు జారుకున్నారు.

కొన్ని నెలల తర్వాత ఖాలిదా ఇల్వారా నుంచి ఫోన్ చేసింది.

"నా కొత్త ప్రాజెక్టును మా కౌన్సిల్ తిరస్కరించింది దామోదర్."

"మీ ప్రాజెక్టునా? మీరెవరో వాళ్ళకు తెలియదా?"

"తెలియదు. పేర్లు తీసేసి బయటి దేశాల నిపుణులకు పంపుతారు. 'ఆలోచన బాగుంది, పద్ధతి పేలవం' అన్నారు." ఆమె గొంతులో నవ్వు వినిపించింది. "నిజమే, పేలవంగానే రాశాను. మళ్ళీ రాయాలి."

దామోదర్ ఫోన్ పెట్టేశాడు. కృతజ్ఞత అన్నదే లేని సంస్థను కాపాడినందుకు తన సర్వీసులో మొదటిసారి అతనికి తృప్తిగా అనిపించింది.