వెనక స్క్రూ

"హంతకుడు ఈ పూట నీ షూటింగ్ రేంజ్‌కే వస్తాడు."

ఇయర్‌పీస్‌లో గొంతు చీఫ్ డన్‌బార్‌ది. ఆయన వెల్లింగ్టన్‌లో కుర్చీ దిగకుండానే అందరినీ పరిగెత్తిస్తాడు.

"రైఫిల్‌కి గురి కుదుర్చుకోకుండా ఎవడూ అంత దూరం కాల్చడు రా, రావిరీ. మధ్యాహ్నం సంత మైదానంలో, దీవుల దేశం నుంచి వచ్చిన మంత్రి లితియా దుప్పికొమ్ముల పోటీకి బహుమతులిస్తుంది. సాయంత్రం చేపల ఒప్పందం మీద సంతకం. ఆ దీవుల చుట్టూ దొంగచాటుగా చేపలు పట్టే ముఠా ఆ సంతకం పడనివ్వదు."

"మనిషెలా ఉంటాడు?"

"తెలీదు. వాడి పక్కనే మన ఏజెంట్ ఒకామె ఉంది. కోడ్‌వర్డ్ చెబుతుంది. అందాకా వేషం చెడగొట్టుకోకు."

వేషమంటే నారింజ రంగు చొక్కా, జేబులో స్క్రూడ్రైవర్. మగ దుప్పులు అరిచే రోజులు దగ్గరపడితే లోయలోని వేటగాళ్లంతా రైఫిళ్లతో రేంజ్‌కి వస్తారు. క్లబ్బువాళ్లు సాసేజీలు కాల్చి పెడతారు, గురి కుదరని వాళ్లకు సాయం చేస్తారు. రావిరి ఇక్కడే పుట్టాడు, నటించాల్సిన పనే లేదు. అయినా పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"బ్రదర్, ఇది నా ప్రాణం తీస్తోంది!" అని పిలిచాడు లుడెక్ అనే టూరిస్టు. పక్కన ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న భార్య ఓడిల్. ఆమెను చూసి మిగతా వేటగాళ్లు టార్గెట్లు మరిచిపోయారు.

లుడెక్ గుళ్లు టార్గెట్ అట్టంతా చెదిరిపోయాయి. రావిరి తూటాలు మార్పించాడు, లాభం లేదు. కర్రబాడీ మరలు బిగించాడు, అదే వరస. గురిచూసే స్కోప్ మీది మర తిప్పితే గుండు దాని ఇష్టమొచ్చిన చోటికి పోతోంది. చివరికి స్కోప్‌ని గుప్పిట పట్టి ఊపాడు. వెంట్రుకవాసి కదిలింది. విప్పి చూస్తే, కింద పట్టీకి వెనక స్క్రూ వేలితోనే తిరుగుతోంది!

ఇక రావిరికి లోకం తెలియలేదు. నూనె తుడిచాడు, మరలకు చుక్క జిగురు రాశాడు, కొలిచి బిగించాడు. దూరంగా వేలాడే తూకపు దారానికి సరిగ్గా స్కోప్‌లోని నిలువుగీత కుదిర్చాడు. మళ్లీ కాల్పించి, "సీజ్ ఫైర్!" అని అరిచాడు. ఆ మాట వింటే రేంజ్‌లో ఎవరైనా తూటా గది బోల్టు తెరిచి చేతులు పైకెత్తాల్సిందే. అందరికన్నా ముందు లుడెక్ ఎత్తాడు.

మూడు గుళ్లూ నాణెం వెనక దాగేంత దగ్గరగా పడ్డాయి. రావిరి సంబరపడిపోయాడు.

లుడెక్ రైఫిల్ పట్టుకుని జీపెక్కాక ఓడిల్ దగ్గరికొచ్చింది. "ఈ ఏడాది దుప్పులు ఆలస్యంగా అరుస్తున్నాయి."

కోడ్‌వర్డ్! రావిరి జవాబు మాట అప్పజెప్పాడు. "గాలి మారితే... అరుస్తాయి."

"ఆ స్క్రూ వదులు చేసింది నేనయ్యా, మొద్దూ!" అంది నవ్వు చెదరనీయకుండా. "ఇప్పుడు కదలకు. వాడి ఒళ్లో నిండు తుపాకీ, చుట్టూ పిల్లలు."

జీపు వెళ్లిపోయింది.

"నువ్వే గురి కుదిర్చావా?" చీఫ్ గొంతు కీచుమంది.

"వదులుగా కనిపిస్తే చేతులూరుకోవు, బాస్."

"నీ చేతులు తగలెయ్యా! రోడ్లన్నీ ఆపిస్తున్నాను. నువ్వు మైదానానికి పో!"

తనే హంతకుడి చేతికి పదునుపెట్టాడు. ఆ సిగ్గు గుండెలో ముల్లులా గుచ్చుతుంటే రావిరి మైదానంలో కొండల్ని గాలిస్తూ తిరిగాడు. మంత్రి దాక్కోనంది. పెద్దావిడ పూలదండతో వేదిక మీద నిలబడి, ఎవరి కొమ్ములనో మెచ్చుకుంటోంది.

కొండ మీద తుపాకీ పేలింది. ఎవరూ తల తిప్పలేదు, వేట రోజులాయె. కాసేపటికి ఇంకొకటి. మళ్లీ అంతే ఎడంతో మూడోది.

రావిరి టక్కున ఆగాడు. దుప్పి మీద ఎవడూ అంత తీరిగ్గా కాల్చడు. గొట్టం చల్లారనిచ్చి కాల్చేది గురి చూసుకునేవాడే. అంటే స్కోప్ విప్పి మళ్లీ పెట్టారు, కుదిర్చిన గురి చెడింది! రోడ్డు తనిఖీలో దొరక్కుండా రైఫిల్‌ని సీటు కింద ఇరికించాలంటే స్కోప్ తీయక తప్పదు. ఆ సలహా ఓడిల్‌దే అయ్యుంటుంది.

అతను మనూకా పొదలు చీల్చుకుంటూ కొండెక్కాడు. బండ మీద లుడెక్ పడుకుని ఉన్నాడు, వేలు ట్రిగ్గర్ మీద ముడుచుకుంటోంది. పక్కన ఓడిల్ చేయి రాయి కోసం వెతుకుతోంది. దూకి పట్టుకోవాలంటే ఇంకా చాలా దూరం.

"సీజ్ ఫైర్!" అని రావిరి గొంతు చించుకున్నాడు.

లుడెక్ బుర్ర ఆలోచించేలోగా చెయ్యి బోల్టు తెరిచేసింది. తూటా ఎగిరి గడ్డిలో పడింది. తను చేసిందేమిటో తెలిసి మళ్లీ మూయబోయేసరికి ఓడిల్ రాయి, రావిరి మోకాలు ఒకేసారి దిగాయి.

కింద మైదానంలో చప్పట్లు మోగాయి. మంత్రి ఎవరికో కప్పు అందిస్తోంది.

సంకెళ్లు వేశాక రావిరి రైఫిల్ ఎత్తి, అలవాటుగా స్కోప్ ఊపి చూశాడు. కాస్త కదిలింది. చెయ్యి దానంతటదే జేబులో స్క్రూడ్రైవర్ వెతికింది.

"చెయ్యి తియ్యవయ్యా బాబూ," అంది ఓడిల్, "అది సాక్ష్యం!"