రాజ్యం కొన్న పుస్తకాలు

గల్ఫ్ ఎడారిలోని బనియాస్‌లో జూలై మధ్యాహ్నం ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్ళనే అడగాలి. వీధిలో పిల్లి కూడా కనపడదు. కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. ప్రతి ప్రహరీ వెనకా ఏసీలు రొదపెడుతూ ఉంటాయి. ఆ రొద వింటూ, ఒక విల్లా వెనక వాటాలో, శశాంక్ కంప్యూటర్ ముందు కూర్చుని తన సామానంతా అమ్మకానికి పెడుతున్నాడు.

అది రెండువేల ఆరో సంవత్సరం. కాకినాడలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది, ఫీజు గడువు ముంచుకొస్తోంది. వాళ్ళ నాన్న రాధాకృష్ణ ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో స్టోర్‌కీపర్. అక్కడ జీతాలు సరిగ్గా అందక అందరూ కాలుకాలిన పిల్లుల్లా తిరుగుతున్నారు. "సగం ఎలాగోలా తెస్తాను నాన్నా. మిగతాది నువ్వేమైనా చూసుకోగలిగితే సరే, లేదంటే ఈ ఏడాదికి ఆగుదాం" అన్నాడాయన. తోటివాళ్ళంతా కాలేజీలకి పోతుంటే ఏడాదిపాటు ఈ వాటాలో కూర్చోవడమంటే శశాంక్‌కి చచ్చినంత పని.

ప్లేస్టేషన్, ఆటల సీడీలు పెట్టిన పూటకే పోయాయి. ఎంసెట్ పుస్తకాలు మాత్రం కదల్లేదు. అవి ఇండియా నుంచి పెట్టెలో మోసుకొచ్చిన లావుపాటి గైడ్లు. ఎడారిలో ఎంసెట్ ఎవడికి కావాలి? అందుకని ప్రకటనలో ఒక అబద్ధం చేర్చాడు. "దేశం వదిలి కాకినాడ వెళ్ళిపోతున్నాం. వచ్చేవారమే ప్రయాణం." ఇక్కడ పాత సామాను అమ్మేవాళ్ళు సగంమంది అదే రాస్తారు. వెళ్ళిపోయేవాడు చవగ్గా ఇస్తాడని జనం నమ్మకం. ఇతనికింకా టికెట్టే కొనలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. ఆడగొంతు. మాట మాటకీ మధ్య చాలాసేపు ఆగుతోంది, వెనకాల ఏదో పెద్ద మిషను తిరుగుతున్న చప్పుడు. పుస్తకాలున్నాయని చెప్పి ఫోను పెట్టేలోపే తలుపు చప్పుడైంది.

గుమ్మంలో బురఖాలాంటి నల్ల అబాయా వేసుకున్న మనిషి. నలభై ఏళ్ళుంటాయేమో. మొహం మన మొహమే. నెత్తిన ఎండ నిప్పులు చెరుగుతుంటే ఆమె మొహాన చెమట చుక్క లేదు. లోపల అమ్మ సుభద్ర నిద్రపోతోంది.

"పుస్తకాలు ఎవరికండీ?" అన్నాడు శశాంక్.

"మా పాప నవతకి బాబూ. రాజోలు కాడ మా అమ్మ దగ్గరుంటాది. ఎంసెట్ రాస్తానంటంది. నా పేరు రాజ్యం. అరబ్బోళ్ళింట్లో పనిసేత్తాను."

బేరం ఆడలేదు. అబాయాలోంచి నోట్లు తీసి ఇచ్చింది. అవి ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉన్నాయి, ఫినాయిల్ వాసన వేశాయి. ఇళ్ళల్లో పనిచేసే మనిషి కదా అనుకున్నాడు. పుస్తకాల సంచి ముందుకు జరిపితే ఆమె ముట్టుకోలేదు.

"నాకెందుకు బాబూ? వచ్చేవారం ఎల్తన్నావంట గదా. కాకినాడంటే మా ఊరికి ఎంత దూరం? నువ్వే పాప సేతికిచ్చెయ్యి."

ఇంటికి వెళ్ళేవాడి పెట్టెలో నలుగురూ నాలుగు పొట్లాలు పెట్టడం గల్ఫ్‌లో మామూలే. కాదంటే రేపు మన పొట్లం మోసేవాడుండడు. నిజం చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, చెబితే బేరం ఎక్కడ చెడుతుందోనని భయం. "అలాగేనండి" అన్నాడు.

"మాటిచ్చావు బాబూ" అందామె.

సంచి లోపల పెట్టి తిరిగి చూస్తే వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఖాళీ. ఏ కారో ఎక్కి ఉంటుందని సరిపెట్టుకున్నాడు.

డబ్బు చేతికొచ్చింది, సరుకూ ఇంట్లోనే ఉంది. అవసరం మనిషిచేత ఏ పనైనా చేయిస్తుంది. గడువు దగ్గరపడ్డా ఇంకా కొంత తక్కువైంది. సరిగ్గా అప్పుడే మూలమీద కిరాణా కొట్టు హయాత్ బాషా, కడపలో ఉన్న తన కొడుక్కి ఎంసెట్ పుస్తకాలు కావాలన్నాడు. 'కాకినాడ వెళ్ళాక కొత్తవి కొని ఆ పిల్లకి ఇచ్చేస్తే పోలా' అని తనకి తనే నచ్చజెప్పుకుని, మంచం కింద సంచి తీసి శశాంక్ అమ్మేశాడు. ఫీజు కట్టేశారు. ఆ రోజు ఇంట్లో పాయసం కూడా చేసుకున్నారు.

తర్వాత ఒక మధ్యాహ్నం మళ్ళీ ఫోను.

"ఇంకా ఎల్లలేదేం బాబూ?"

గొంతు అదే. మిషను చప్పుడూ అదే. శశాంక్ ఫోను పెట్టేసి, ఎండలో పడి బాషా కొట్టుకి పరుగెత్తాడు.

"ఆ పుస్తకాలు తిరిగిచ్చెయ్యండి బాషాగారూ. డబ్బు మళ్ళీ ఇస్తాను. అవి రాజ్యంగారివి."

"రాత్రే మా బామ్మర్ది ఎత్తకపాయ గదా నాయనా. ఈపాటికి కడప చేరింటాయి." బాషా చేతిలో పని ఆపాడు. "ఏ రాజ్యం? రాజోలు రాజ్యమా?"

"అవును. మొన్న మా ఇంటికొచ్చి కొన్నది."

బాషా బల్ల వదిలి ఇవతలికొచ్చాడు.

"ఆయమ్మ ఫోన్ కార్డులు నా కాడ్నే కొంటాండె. కూతురంటే పానం. సచ్చిపోయి నెలైతాంది నాయనా. కాగితాలు కాలేదు, వీసా ఇచ్చిన కఫీల్ ఫోనే ఎత్తడంట. ఇంగా ఆస్పత్రి ఫ్రిజ్‌లోనే ఉండాది. ఇంటికి తోలిచ్చే దిక్కు ల్యా."

శశాంక్ ఎక్కడెక్కడ తిరిగాడో, ఎలా ఇల్లు చేరాడో అతనికే తెలియదు. చేరేసరికి సందె చీకటి పడుతోంది. అమ్మా నాన్నా బజారుకెళ్ళారు. తలుపు గడియపెట్టి, లైట్లన్నీ వేసుకుని మంచం మీద కూర్చున్నాడు.

టప్పుమని బ్రేకర్ పడిపోయింది.

లైట్లు పోయాయి. ఏసీ ఆగింది. పగలూ రాత్రీ చెవుల్లో ఉండే రొద ఒక్కసారిగా ఆగితే ఆ నిశ్శబ్దం ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఏసీ ఆగిన గది ఉడికిపోవాలి. కానీ... చల్లబడుతోంది. కాళ్ళ దగ్గర మొదలై, మోకాళ్ళ దాకా... నడుం దాకా...

ఫినాయిల్ వాసన.

మంచం కింద ఏదో వెతుకుతున్న చప్పుడు. అరచేత్తో నేలంతా తడుముతున్నట్టు... మెల్లగా... ఈ మూల నుంచి ఆ మూలకి...

"పుస్తకాలేవి బాబూ?"

కాళ్ళు పైకి లాక్కున్నాడు. గోడకి అతుక్కుపోయాడు.

"మీ... మీ డబ్బు ఇచ్చేస్తానండీ..."

"డబ్బు నాకెందుకు?"

తడమడం ఆగింది. మంచం అంచు కొద్దిగా కుంగింది. తర్వాత గొంతు చెవి పక్కనే వినిపించింది. అందులో కోపం లేదు. అదే అతన్ని ఇంకా భయపెట్టింది.

"పాపకి పుస్తకాలు పంపుతానని చెప్పేశాను. ఇప్పుడు ఒట్టి చేతుల్తో... నేనే ఎల్లి చెప్పుకోవాల. నన్ను తీసుకుపోయేవోళ్ళు లేరు బాబూ. నువ్వెల్తన్నావు గదా..."

తాళం తిరిగిన చప్పుడు. గడియ వేసిన తలుపుని బయట నుంచి నాన్న దబదబా బాదుతున్నాడు. శశాంక్ పడుతూ లేస్తూ వెళ్ళి తీశాడు. బ్రేకర్ ఎత్తితే లైట్లొచ్చాయి. మంచం కింద దుమ్ము లేదు. ఎవరో తుడిచినట్టు నేల మెరుస్తోంది. శశాంక్ ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాడు. చెబితే పుస్తకాల సంగతీ చెప్పాలి.

ఆ తర్వాత ఫోను రాలేదు. వాసన రాలేదు. ప్రయాణం రోజు పొద్దున్నే ఇల్లంతా హడావిడి. సుభద్ర పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు పెట్టెలో కుక్కుతోంది. కాకినాడ చేరగానే కొత్త పుస్తకాలు కొనుక్కుని తిన్నగా రాజోలు వెళ్ళాలని శశాంక్ గట్టిగా అనుకున్నాడు. ఆ నిర్ణయంతో కాస్త ప్రాణం కుదుటపడింది కూడా.

పెట్టె బరువెక్కువైతే ఎయిర్‌పోర్టులో గొడవని రాధాకృష్ణ పక్కింటి నుంచి బరువు చూసే మిషను తెచ్చాడు.

"పెట్టె పట్టుకుని ఎక్కు నాన్నా. ఆ... ఇప్పుడు పెట్టె దించు. తేడా చూద్దాం."

శశాంక్ పెట్టె దించాడు. ముల్లు కొంచెం వెనక్కి వచ్చి ఆగిపోయింది. రాధాకృష్ణ వంగి చూశాడు.

"ఇదేంటి? నువ్వు ఇంత బరువేంటి? దిగు."

దిగాడు. ముల్లు సున్నాకి వచ్చింది. రాధాకృష్ణ తను ఎక్కి చూసుకున్నాడు. ఆయన బరువు ఎప్పుడూ ఉండేదే.

"మిషను బాగానే ఉందే... ఏదీ, మళ్ళీ ఎక్కు."

శశాంక్ చెప్పులు విప్పాడు. జేబులు ఖాళీ చేశాడు. వట్టి చేతులతో, మెల్లగా, ఎక్కి నిలబడ్డాడు. ముల్లు తిరిగి తిరిగి, ఇద్దరు మనుషులు ఎక్కినంత దూరం పోయి ఆగింది.

అతను ఊపిరి బిగబట్టి కదలకుండా ఉన్నాడు. అద్దం కింద ముల్లు మాత్రం అటూ ఇటూ కొద్దిగా ఊగింది, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.